జిల్లా పేజీలో దొరికే ఉపాధి

ఏటా రంజాన్‌కు నెలన్నర ముందు మా కమిటీ కూర్చుంటుంది. బల్లమీద అర్జీల కట్ట ఉంటుంది. భర్త పోయిన ఆడవాళ్ళు, పని పోయిన మగవాళ్ళు, చదువు మధ్యలో ఆపేసిన కుర్రాళ్ళు. ఒక్కో అర్జీ చదువుతాం. ఆడమనిషి అయితే ఎవరో ఒకరు "కుట్టుమిషను రాయండి" అంటారు. మగమనిషి అయితే "తోపుడుబండి" అంటారు. రెండు గంటల్లో కట్ట పూర్తవుతుంది, చాయ్ వస్తుంది, ఇళ్ళకు పోతాం. అలా రాయించినవాళ్ళలో నేనూ ఉన్నాను. చాలా ఏళ్ళు రాయించాను.

రెండేళ్ళ కిందట, ఇచ్చిన మిషన్లు ఎలా నడుస్తున్నాయో చూసివద్దామని బయలుదేరాను. ఒక ఏడాది ఇచ్చిన పన్నెండు మిషన్లలో నాలుగు నడుస్తున్నాయి. మూడింటి మీద దుప్పటి కప్పి ఉంది. మిగతా ఐదు ఇళ్ళల్లో లేవు. అవి ఎక్కడికి పోయాయని నేను గట్టిగా అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. దుప్పటి కప్పిన ఒక ఇంట్లో ఆపా ఒకామె నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "మిషనుకేం భాయ్, బంగారంలాంటి మిషను. బట్టలే రావడంలేదు" అంది. ఆ సందులో అప్పటికే తొమ్మిదిమంది కుడుతున్నారు. రెడీమేడ్ బట్టలు వచ్చాక కుట్టించుకునేవాళ్ళే తగ్గారు. మేము వెళ్ళి పదోమనిషిని తయారుచేసి వచ్చాం.

మా తప్పు డబ్బులో లేదు, మనసులోనూ లేదు. "ఈమెకు ఏమి చేతనవును?" అని అడిగాం కానీ, "ఈ వీధికి ఏమి కొరతగా ఉంది?" అని ఒక్కసారీ అడగలేదు. ఈ రెండో ప్రశ్నకు జవాబు రోజూ పొద్దున్నే మన గుమ్మంలో పడుతుంది. దినపత్రిక అది.

నేను ఇరవైఏళ్ళకు పైగా మండల విలేకరిగా పనిచేసినవాణ్ణి. ఫ్యాక్సులు, సెల్‌ఫోన్లు లేని రోజుల్లో వార్తలు చేత్తో రాసి, కవరులో పెట్టి, సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్ళం. తెలుగు పత్రికలకు జిల్లా పేజీల చరిత్ర పాతదే. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకొక చిన్న పత్రికను విడిగా ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ అదే దారిన నడిచారు. దాంతో మన వీధి మురుగుకాల్వ, మన బడి పైకప్పు కూడా అచ్చులోకి వచ్చాయి. కానీ చదివేటప్పుడు మనం ఏం చేస్తాం? చనిపోయినవారి ఫొటోలు చూస్తాం, రాజకీయం చదువుతాం, మన ఊరి పేరుందేమో వెతుకుతాం, పక్కన పడేస్తాం. నేను రాసిన వార్తల్లో సగం ఫిర్యాదులే. ఫలానాచోట నీళ్ళు లేవు, ఫలానాచోట బస్సు లేదు, ఫలానా పంట కొనేవాడు లేడు. అన్నిటా కనిపించే మాట ఒక్కటే: లేదు. లేనిదాన్ని తెచ్చిపెట్టేవాడినే వ్యాపారి అంటారు. ఈ సంగతి వార్తలు రాసినన్నాళ్ళూ నాకు తట్టలేదు.

గుజరాత్‌లో ఒక కుమ్మరికి తట్టింది. వాంకానేర్ ఊరివాడు, పేరు మన్సుఖ్‌భాయ్ ప్రజాపతి. 2001 జనవరి 26న కచ్‌లో భూకంపం వచ్చింది. ఆ తర్వాత అక్కడి పత్రికలో ఒక ఫొటో పడింది. పగిలిపోయిన మట్టి నీళ్ళకుండల ఫొటో. పేదవాడి ఫ్రిజ్ పగిలిపోయిందన్న అర్థంలో కింద వ్యాఖ్య రాశారు. లక్షలమంది చూసి అయ్యో అనుకున్నారు. ఈయన మాత్రం, పేదవాడికి నిజంగానే మట్టితో ఫ్రిజ్ చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. కొన్నేళ్ళు తిప్పలుపడి, కరెంటు లేకుండా నడిచే మట్టి ఫ్రిజ్ తయారుచేశాడు. పైన నీళ్ళు పోస్తారు, ఆ తడి ఆవిరవుతూ కింది అర చల్లబడుతుంది, కూరగాయలు కొన్నాళ్ళు వాడకుండా ఉంటాయి. 'మిట్టీకూల్' అనే పేరుతో అది దేశమంతా తెలిసింది.

ఈ కథను తెలివితేటల కథగా చెప్తుంటారు. నాకు అందులో కనబడేది వేరు. ఆయన అప్పటికే మట్టితో పెనాలు చేసి అమ్ముతున్న మనిషి. మట్టి ఎలా ఆరుతుందో, ఎక్కడ పగులుతుందో చేతికి తెలుసు. అదే ఫొటో ఒక దర్జీ చూస్తే ఫ్రిజ్ తట్టేది కాదు. వార్త అందరికీ ఒకటే కానీ, దానికి పనికొచ్చే చెయ్యి కొందరికే ఉంటుంది. కాబట్టి వార్తను ఒంటరిగా చదవకూడదు. పక్కన మన మొహల్లాలో ఎవరికి ఏ పని వచ్చో ఒక కాగితంమీద రాసిపెట్టుకుని చదవాలి. మా కమిటీ దగ్గర అర్జీలున్నాయి కానీ అలాంటి కాగితం లేదు. ఇప్పుడు ఉంది.

అయితే వార్తలో కనబడ్డ ప్రతి కష్టమూ వ్యాపారం కాదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మదనపల్లె టమాటా సంగతి తీసుకోండి. ధర పడిపోయిన ప్రతిసారీ రైతులు పంటను రోడ్డుమీద పారబోసిన ఫొటో మొదటి పేజీలో వస్తుంది. చూసిన ప్రతివాడూ, ఎండబెట్టి అమ్మొచ్చు కదా, సాస్ చెయ్యొచ్చు కదా అంటాడు. నేనూ అన్నాను. కానీ ఎండు టమాటాను మన ఇళ్ళల్లో ఎవరు కొంటున్నారు? పచ్చి టమాటా చవకగా దొరికే రోజుల్లో ఎండుది ఎవరికీ అక్కరలేదు. ధర పెరిగిన రోజుల్లో ఎండబెట్టేవాడికి సరుకే దొరకదు. 2023 జూలైలో అదే టమాటా కిలో వంద రూపాయలు దాటిపోయింది. గోదాము, యంత్రం, ఏడాది పొడుగునా కొనే హోటలో కంపెనీయో ఉన్నవాడికి అది వ్యాపారం. మన అర్జీదారుకు కాదు. కష్టం పెద్దదే, వార్త పెద్దదే, కానీ మన దగ్గర కొనేవాడు లేడు.

అందుకే నేను అందరికంటే ముందు అడిగే ప్రశ్న ఇది: ఈ కష్టం వల్ల ఇప్పటికే ఎవరి జేబులోంచి డబ్బు పోతోంది? మంచినీళ్ళ సంగతిలో దీనికి జవాబు సూటిగా దొరుకుతుంది. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసిన కొంత ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని వైద్యులు గుర్తించారు. నల్గొండ కథ అందరికీ తెలిసిందే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగవద్దంటారు. అంతకు ఎన్నోరెట్లున్న బావులు అక్కడ ఉన్నాయి. ఎన్నో దశాబ్దాలు అది వార్తగా, ధర్నాగా, కమిటీ నివేదికగా ఉండిపోయింది. స్థోమత ఉన్నవాళ్ళు పక్కూరినుంచి సైకిలుమీద నీళ్ళు తెప్పించుకునేవాళ్ళు. చూడండి, డబ్బు అప్పుడే కదులుతోంది. ఆ తర్వాత ఆర్వో యంత్రాల ధర అందుబాటులోకి వచ్చింది, ఊరూరా ప్లాంట్లు వెలిశాయి, ఇరవై లీటర్ల క్యాన్ మన ఇళ్ళల్లోకి వచ్చింది. మోసే ఆటోవాడు, క్యాన్లు కడిగే మనిషి, ఫిల్టర్లు మార్చే మెకానిక్, ఇంతమందికి దాంట్లో పని దొరికింది. లోపాలు లేవనను. ఆ యంత్రం తీసుకున్న నీళ్ళలో చాలాభాగం ఉప్పునీళ్ళుగా కాల్వలోకి వదిలేస్తుంది. పరీక్షలు చేయించకుండా అమ్మేవాళ్ళూ ఉన్నారు. అయినా అక్కడ వ్యాపారం నిలబడటానికి కారణం, యంత్రానికంటే ముందే జనం నీళ్ళకు డబ్బు పెడుతూ ఉండటం.

ఇంకో ప్రశ్న: ఈ కష్టం ఎన్నాళ్ళుంటుంది? పసుపురంగు ఎస్టీడీ బూతులు గుర్తున్నాయా? ఇంట్లో ఫోను లేకపోవడమే వాటికి పెట్టుబడి. గల్ఫ్‌కు పోయిన కొడుకుతో మాట్లాడాలంటే రాత్రి పదింటికి తల్లులు అక్కడ వరసలో నిలబడేవాళ్ళు. సెల్‌ఫోను వచ్చి ఆ కొరతను తీర్చేసింది, బూతులు మూతపడ్డాయి. బంగ్లాదేశ్‌లో 1997 తర్వాత గ్రామీణ మహిళలు ఒక్కో సెల్‌ఫోను అప్పుమీద కొని ఊరివాళ్ళకు నిమిషాల లెక్కన అద్దెకిచ్చి బతికారు. ఇంటింటికీ ఫోను వచ్చాక వాళ్ళ కథా అంతే అయింది. 2012 వేసవిలో మనకు కరెంటు కోతలు ఎంతగా ఉండేవో, పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఎలా పెట్టారో మరిచిపోలేదు. ఇన్వర్టర్ల కొట్టు పెట్టినవాళ్ళు ఆ రెండేళ్ళు బాగా సంపాదించారు. కోతలు తగ్గాక సోలారుకో ఏసీ రిపేరుకో మారినవాళ్ళు నిలబడ్డారు, మారనివాళ్ళు అద్దె కట్టలేక తాళం వేశారు. 2020లో మాస్కుల సంగతి చెప్పనక్కరలేదు. మా మొహల్లాలోనే ఒకాయన చివరి మూట మాస్కులు ఇప్పటికీ అటకమీదే ఉన్నాయి.

కొద్దికాలం ఉండే కష్టాన్ని ముట్టుకోవద్దని కాదు. అలాంటిదానికి అప్పుచేసి యంత్రం కొనవద్దంటున్నాను. అద్దెకు తెచ్చుకుని చెయ్యాలి, అయిపోగానే లేచిపోవాలి.

ఇక మేము స్వయంగా చేసి చూసినది చెప్తాను. మా పల్నాడులో ఏటా వేసవికి ఒక వార్త ఖాయం. రెంటచింతలలో ఎండ ఎంత కాసిందీ, వడదెబ్బకు ఎంతమంది పోయిందీ. ఈ వార్త నేనే ఇరవైసార్లు పంపి ఉంటాను. 2015 వేసవిలోనైతే రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి దాదాపు రెండువేలమంది చనిపోయారు. మన మొహల్లాల్లో ఎండ అంటే సూర్యుడు ఒక్కడే కాదు, నెత్తిమీద సిమెంటు రేకులు కూడా. మధ్యాహ్నం రేకుల గదిలో కూర్చున్న పిల్ల బడిపుస్తకం పట్టుకోలేదు. రాత్రి పదకొండయినా ఆ రేకు చల్లారదు. పైకప్పుకు తెల్లటి పూత వేస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుంది, లోపల వేడి తగ్గుతుంది. ఇది పాత సంగతే. పక్కనున్న తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమని ఒకటి ప్రకటించింది కూడా.

మా కాగితంలో సున్నం వేసే అన్నదమ్ములిద్దరి పేర్లున్నాయి. పుట్టీలు, ఎమల్షన్లు వచ్చాక సున్నం పనివాళ్ళను పిలిచేవాళ్ళు లేరు. పెద్దాయన మస్జిద్ ముందు చెప్పుల దగ్గర కూర్చుంటున్నాడు. వార్త ఇటు, చెయ్యి అటు. మరి డబ్బు పెట్టేదెవరు? రేకులింట్లో అద్దెకుండేవాడు పెట్టలేడు. ఇంటి యజమాని పెట్టడు, ఆయన అక్కడ పడుకోడు కదా. ఇక్కడే ఆగిపోయాం. అప్పుడు కమిటీలో కోళ్ళ దాణా వ్యాపారం చేసే ఒకాయన, "కోళ్ళఫారాలవాళ్ళు ఎప్పుడో వేయిస్తున్నారు కదండీ" అన్నాడు. నిజమే. వేసవిలో కోళ్ళు చచ్చిపోతాయని షెడ్లమీద తెల్ల సున్నం వేయిస్తారు, నీళ్ళు చిమ్మిస్తారు. వాళ్ళకు నష్టం లెక్క తెలుసు కాబట్టి ఖర్చుకు వెనుకాడరు. కొనేవాడు దొరికాడు. అలా ఆలోచిస్తే ఇంకా దొరికారు. రేకులషెడ్లలో తరగతులు నడిపే ప్రైవేటు బడులు, వెల్డింగు షాపులు, ఫంక్షన్ హాళ్ళ వంటషెడ్లు, గోదాములు.

మొదటి పైకప్పు మా సంస్థ సామాను గదిదే. పని తెలిసినవాళ్ళమనుకున్నాం, ఒక రేకు విరిగింది. పాత సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. దూలాలమీద ఆనేలా పొడుగు చెక్క వేసి, దానిమీదే నడవాలి. ఇంకొకటి, ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు తడిపి, మెత్తటి కుంచెతో కడగాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. (అటకమీది మాస్కులకు కొన్నాళ్ళు పని దొరికింది.) వట్టి సున్నం మొదటి వానకే కారిపోతుంది, అంటుకునే జిగురు కలపాలి. కలిపినా ఏడాది తర్వాత మళ్ళీ వెయ్యాల్సిందే. చూస్తే అది లోపం. పనివాడి వైపునుంచి చూస్తే అదే మళ్ళీ వచ్చే పని.

ఫిబ్రవరి చివర మొదలుపెట్టి జూన్‌లో వానలు పడేదాకా వాళ్ళు పదకొండు పైకప్పులు చేశారు. ఎక్కువేమీ కాదు. ఇచ్చిన ఖర్జె హసనాలో సగమే తిరిగి వచ్చింది, మిగతాది వచ్చే వేసవికి ఇస్తామన్నారు. కానీ ఒక సంగతి గమనించాను. ఆ పదకొండింటిలో నాలుగు మన దాతలవే. ఒక బడి, ఒక గోదాము, రెండు షెడ్లు. వాళ్ళు సంస్థకు ఇచ్చే చందా ఇస్తూనే, ఏటా ఎలాగూ చేయించుకునే పనిని ఈ అన్నదమ్ములకు ఇచ్చారు. ఇంకో దాత తన చందాలో కొంత, రేకులిళ్ళకు పూత వేయించడానికే అని విడిగా రాశారు. అంటే ఆ పేద ఇళ్ళ తరఫున కొనేవాడుగా ఆయన నిలబడ్డారు. నాకు తెలిసి దాత ఇవ్వగలిగినవాటిలో మిషనుకంటే, బండికంటే విలువైనది మొదటి ఆర్డరు. దానికి కొత్త డబ్బు కూడా అక్కరలేదు.

మరి దుప్పటి కప్పిన మిషన్లు? అవి నా మనసులోంచి పోలేదు. ఏటా జూన్‌లో జిల్లా పేజీలో ఇంకో వార్త వస్తుంది. సర్కారు బడి పిల్లలకు యూనిఫాం గుడ్డ ఇచ్చారు, ప్రభుత్వం ఇచ్చే కుట్టుకూలి చాలడంలేదు, దర్జీలు ఆ రేటుకు కుట్టమంటున్నారు, పిల్లలు పాతబట్టలతో బడికి పోతున్నారు. ఒక్కో జత కొలతలు తీసి, కత్తిరించి, కుట్టే దర్జీకి ఆ కూలి గిట్టదు, అతని మాట అబద్ధం కాదు. కానీ రెండువందల జతలు ఒకేసారి వస్తే లెక్క మారుతుంది. ఒక చేయితిరిగిన మాస్టరు, కరెంటు కత్తెర మిషనుతో పొరలు పేర్చి ఒకేసారి ముప్పై చొక్కాల ముక్కలు కోస్తాడు. సైజులు నాలుగైదు రకాలుగా ముందే పెట్టుకుంటారు. ఒకామె కాలర్లే, ఒకామె చేతులే, ఒకామె కాజాలు, గుండీలే. అప్పుడు అదే కూలిలో ఎంతోకొంత మిగులుతుంది. ఈ పనికి పదో కుట్టుమిషను అక్కరలేదు. ఒక్క కోత మిషను, ఒక మాస్టరు, బడి హెడ్మాస్టర్లతో ముందే, మే నెలలోనే మాట్లాడగల ఒక మనిషి కావాలి. పన్నెండు మిషన్ల డబ్బులో ఈ మూడూ వచ్చేవి.

నీళ్ళిచ్చిన ఆపా దగ్గరికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. అంతా విని, "జూన్ అయ్యాక?" అంది. సరైన ప్రశ్న. జూన్ పని రెండు నెలల పనే. మిగతా నెలలకు చేతిసంచులు కుట్టవచ్చునని చెప్పాను. 2022 జూలై 1నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించారు. ఆ ఏడాది చివరినుంచి 120 మైక్రాన్లకంటే పలచని క్యారీబ్యాగులు వాడకూడదు. కానీ ఆమెకు నాకంటే బాగా తెలుసు. "మా వీధి చికెన్ కొట్టులో ఇంకా నల్లకవరే ఇస్తున్నారు భాయ్" అంది. చట్టంమీద ఆధారపడ్డ వ్యాపారం, ఆ చట్టాన్ని అమలుచేసే అధికారి ఎంత గట్టిగా ఉంటే అంతే గట్టిగా ఉంటుంది. మునిసిపాలిటీవాళ్ళు దాడులు చేసిన వారం సంచులు అమ్ముడుపోతాయి, తర్వాత మళ్ళీ కవర్లే. అందుకని వీధి కొట్లను నమ్ముకోకుండా, పేరు అచ్చువేయించుకుని సంచులిచ్చే బట్టలషాపులు, స్వీటుషాపులు, పెళ్ళిళ్ళలో తాంబూలం సంచులు ఇచ్చేవాళ్ళను వెతుకుతున్నాం. ఈ పని ఇంకా తేలలేదు.

మెకానిక్కుల గురించి నాలుగు మాటలు. మన పిల్లలు చాలామంది బైకు షెడ్లలో, ఏసీ షాపుల్లో పని నేర్చుకుంటున్నారు. కరెంటు స్కూటర్ల అమ్మకాల వార్త చూస్తే మనం ధర గురించి మాట్లాడుకుంటాం. షెడ్డులో ఉన్న కుర్రాడికి అది హెచ్చరిక. ఆ బండికి ఇంజన్ ఆయిలు లేదు, కార్బొరేటరు లేదు, స్పార్కుప్లగ్గు లేదు. బ్యాటరీ, వైరింగు, కంట్రోలరు నేర్చుకోని మెకానిక్కుకు పదేళ్ళ తర్వాత టైర్లు, బ్రేకులే మిగులుతాయి. ఏసీల్లోనూ పాత గ్యాసులు దశలవారీగా ఆగిపోతున్నాయి. కొత్తగా వచ్చే ఆర్32 గ్యాసుకు మంటపట్టే గుణం కొంత ఉంది, తెలియకుండా ముట్టుకుంటే ప్రమాదం. ఇలాంటి కుర్రాడికి పానాల పెట్టె కొనివ్వడంకంటే మూడు నెలల శిక్షణ ఫీజు, ఆ మూడు నెలలు ఇంటిఖర్చు ఇస్తే మేలని నా అభిప్రాయం. కమిటీలో అందరూ ఒప్పుకోలేదు. పెట్టె అయితే ఫొటో వస్తుంది, ఫీజుకు ఫొటో రాదు.

పత్రిక ఒక్కటే కాదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేచోట ఒక పూట కూర్చుంటే, జిల్లాలో జనానికి ఏమి దొరకడంలేదో చెవులారా వినవచ్చు. ఆ అర్జీలు రాసిపెట్టి బతికేవాళ్ళూ అక్కడే చెట్టుకింద ఉంటారు, వాళ్ళదీ కష్టంలోంచి పుట్టిన వ్యాపారమే. 'కావలెను' ప్రకటనలు చూడండి. ముసలివాళ్ళను చూసుకునే మనిషి కావాలని ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టండి. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు, ఇక్కడ ఇద్దరు ముసలివాళ్ళు, రెండంతస్తుల ఇల్లు. ఈ పని నమ్మకంమీద నడిచేది. ఫలానా మనిషి మాకు తెలుసు అని పూచీ ఇచ్చే సంస్థ వెనకుంటే మన ఆడవాళ్ళకు గౌరవంగా పని దొరుకుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గీత గీసుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవ ఎక్కించుకోవడానికి వేలు గుంజారని పత్రికల్లో ఫిర్యాదులు వచ్చాయి. కొరత ఉంది, కొనేవాడున్నాడు, నా ప్రశ్నలకు జవాబులన్నీ దొరికాయి. అయినా అది వ్యాపారం కాదు. నీళ్ళు తీశాక, మునిగిపోయిన బైకులు, ఫ్రిజ్‌లు, నీళ్ళమోటార్లు బాగుచేసి మామూలు కూలి తీసుకున్న మెకానిక్కులు కూడా ఉన్నారు. వాళ్ళకూ ఆ వరదలోనే పని దొరికింది. రెంటికీ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

దాతలు నన్ను తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇలాంటి ప్రయత్నాలకు జకాత్ సొమ్ము వాడవచ్చా అని ఒకటి. అది ఉలమాలను అడగవలసిన విషయం, నేను చెప్పేది కాదు. మేము పూత పనికి వాడింది విడిగా వచ్చిన చందాలే. రెండోది, డబ్బు పోతే? కొన్నిసార్లు పోతుంది. అందుకే ముందు యంత్రం కొనకుండా, పదిరోజులు పని చేయించి చూసేంత డబ్బు మాత్రమే ఇస్తున్నాం. పదకొండు పైకప్పులకు మేము ఇచ్చింది మూడు కుట్టుమిషన్ల ఖరీదుకంటే తక్కువ.

ఇప్పుడు ఆఫీసులో అర్జీల కట్ట పక్కన కటింగుల ఫైలు ఒకటి పెట్టాం. నాకు చూపు తగ్గింది, ఇంటర్ చదివే ఒక అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి కత్తిరించి అంటిస్తుంది. ఒకే ఫిర్యాదు మూడోసారి కనబడితే దానికి ఎర్రసిరాతో గుర్తు పెడుతుంది. ప్రస్తుతం ఎర్రగుర్తున్నవి ఐదు. అన్నిటికంటే పైన ఉన్నది పెద్దాసుపత్రి వార్త: రోగులతో వచ్చినవాళ్ళకు రాత్రిపూట తిండి దొరకడంలేదు, దొరికినా ధర ఎక్కువ, పథ్యానికి జావ కావాలంటే ఎక్కడా లేదు. మా కాగితంలో వంటపని వచ్చినవాళ్ళు ఏడుగురున్నారు. ఆసుపత్రి గేటుకు వంద గజాల్లో రాత్రి తొమ్మిదింటిదాకా వాడుకోగల చిన్న గది ఏదైనా మీలో ఎవరికైనా ఉంటే, అద్దె ఎంతో చెప్పండి. ఆహారం అమ్మడానికి కావలసిన రిజిస్ట్రేషన్ కాగితాలు ఆ అమ్మాయే నింపిపెడతానంది.